ముందు తెల్ల చిలప

మా మామ పోయాడు. పోయిన మంగళవారం పొద్దున రెండో లోటా కాఫీ తాగుతూ, చక్కెర తక్కువైందని అత్తతో తగవు పెట్టుకుని, ఆ తగవు తేలకముందే పోయాడు. తిరువళ్ళూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీ ఆఫీసుకు ఫోన్ వచ్చింది. చేసింది తిరుత్తణిలో మా వీధి మలుపున మందుల షాపు నడిపే ఆయన. "మీ మామ తవరిపోయినారమ్మా. మీ అత్త ఒక మాట చెప్పమనింది. ఏడ్చుకుంటా వచ్చి అరక్కోణంలో వేరే బండి ఎక్కొద్దంట" అన్నాడు. నేనొకసారి అరక్కోణంలో పరధ్యానంగా కాట్పాడి బండి ఎక్కేశాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు, చావు కబురులో కూడా మరిచిపోలేదు. ఫోన్ పెట్టేశాక ఏడుపు రావలసిన చోట ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఆ రోజు మాత్రం సరైన బండే ఎక్కాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. తిరుత్తణిలో మా మగ్గాల వీధికంతటికీ నూలుకు రంగులు వేసేవాడు. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో రెండు రాగి కాగులు, ఒక పొయ్యి, దండేల మీద ఆరే చిలపలు. చిలప అంటే మగ్గం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, చుట్టగా కట్టిన నూలు. ఏ రంగుకు ఏ పొడి ఎంత కలపాలో ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. వంకాయ పూత, చింతచిగురు, కాకిపిల్ల అని రంగులకు ఆయన పెట్టుకున్న పేర్లు. అవి ఆయనకు, నాకు తప్ప ఇంకెవరికీ చదవను రాలేదు.

రంగుల పని చేసేవాడు కదా, వీధిలోకి వస్తే మాత్రం తెల్ల పంచె, తెల్ల చొక్కా. మచ్చ అనేది ఉండేది కాదు. "రంగులోడు తెల్లబట్ట కట్టి దినమంతా తిరగగలిగితేనే వానికి పని వచ్చినట్టు" అనేవాడు. బావి దగ్గర ఆ పంచెలు బండకేసి బాదుతూ మా అత్త, "పని వచ్చిండేది నాకు" అనేది. ఇద్దరూ ఈ మాటలు వారానికి రెండుసార్లయినా అనుకునేవాళ్ళు, ప్రతిసారీ కొత్తగా అన్నట్టే.

ఆయనకో అలవాటు ఉండేది. ఒక కాగులో ఎరుపు వేయడం అయిపోయి పసుపు వేయాలంటే, మిగతావాళ్ళు నాలుగు చెంబుల నీళ్ళు పోసి కడిగేసి పని మొదలుపెట్టేవాళ్ళు. మామ చింతపండుతో, కొబ్బరి పీచుతో తోమి, మంచినీళ్ళు పోసి కాచి, అందులో రంగేమీ వేయకుండా ఒక తెల్ల చిలప ముంచేవాడు. కాసేపయ్యాక తీసి, ముంచని తెల్ల చిలప పక్కన పెట్టి, నీడలో నిలబడి రెండింటినీ చూసేవాడు. రవ్వంత తేడా కనిపించినా మళ్ళీ తోమడమే. కాలేజీలో చేరిన కొత్తలో, నాకంతా తెలిసిపోయిందని అనుకునే వయసులో, కట్టెలు దండగ కదా మామా అన్నాను. "కంటికి కడిగినట్టే ఉంటాది పాపా. కన్ను మన పక్షం మాట్లాడతాది. నూలు ఎవరి పక్షమూ మాట్లాడదు" అన్నాడు.

నేను కాలేజీలో చేరడం కూడా ఆయన పుణ్యమే. ఎస్సెల్సీ అయ్యాక మా నాన్న నన్ను రాట్నం ముందు కూర్చోబెడదామనుకున్నాడు. మామ వచ్చి తిన్నె మీద కూర్చుని, "బావా, ఈ ఇంట్లో కండెలు చుట్టేదానికి ఆరు చేతులుండాయి. ఫ్లాస్కు పట్టుకునేదానికి ఒక్క చెయ్యీ లేదు" అన్నాడు. ఫ్లాస్కు అంటే నాన్నకు కాఫీ పోసుకునేదే తెలుసు, ల్యాబులో గాజుది తెలియదు. దానికి చదువెందుకని చాలాసేపు వాదించాడు. ఆ వాదన ఎటూ తేలకపోగా మధ్యాహ్నం భోజనాల వేళయింది. అన్నం తింటూ నాన్న సరేనన్నాడు.

అలా చదివి, తిరువళ్ళూరులో ఒక కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాను. అది చేస్తూనే మద్రాసులో ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధనకు నమోదు చేసుకున్నాను. నా విషయం గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే మామ గొప్పతనం మీకు తెలియదు. ఏదైనా పదార్థం మీద లేజర్ వెలుగు వేస్తే, చాలామటుకు వెలుగు అదే రంగుతో చెదిరిపోతుంది. కోటికి ఒక పాలు మాత్రం రంగు కాస్త మారి వస్తుంది. ఎంత మారిందన్నది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. దాన్ని కాగితం మీద గీయిస్తే కొండలూ లోయలుగా గీత పడుతుంది, ఏ పదార్థపు కొండలు దానివే. ఇది రామన్ పద్ధతి. చిక్కేమిటంటే ఆ వెలుగు మరీ బలహీనం. పదార్థం కొంచెంగా ఉంటే ఏమీ తెలియదు. కానీ అదే పదార్థం అతి సన్నని వెండి రేణువులకు అంటుకుంటే, ఆ వెలుగు లక్షల రెట్లు పెరుగుతుందని మేం చదువుకునే రోజుల్లోనే బయటపడింది. నా పని ఆ వెండి రేణువులు నీళ్ళలో తేలేలా తయారుచేసి, వాటితో రవ్వంత పదార్థాన్ని కూడా పట్టుకోవడం.

ఇదంతా ఒక ఆదివారం మామకు చెప్పాను. విన్నంతసేపూ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూనే ఉన్నాడు.

"మగ్గం చప్పుడు వింటే ఏ ఇంటిదో చెప్పేస్తాము గదా, అట్లనా?" అన్నాడు.

"అట్లనే మామా. కానీ ఈ మగ్గం నాలుగు వీధుల అవతల ఉండాది. మన చెవికి ఆనదు."

"వెండి దగ్గరికి పోతే?"

"గట్టిగా వినపడతాది."

మామ వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. "మీ అత్త గూడా అంతే పాపా. వెండి మాటెత్తితే నాలుగు వీధుల అవతలికి వినపడతాది."

"ఎత్తేది మాటే గదా, వెండి యాడ ఎత్తినావు?" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

ఒక శనివారం నా పని చూస్తానని మామ తిరువళ్ళూరు వచ్చాడు. వెండి ఉప్పు, అంటే సిల్వర్ నైట్రేటు, కలిపిన నీళ్ళను కాచి, సిట్రేటు చుక్కలు వేసి, గంటసేపు మరిగిస్తే నేను వెండినీళ్ళు అని పిలుచుకునే ద్రవం వస్తుంది. మామ స్టూలు మీద కూర్చుని, కదలకుండా గంటసేపూ చూశాడు. నీళ్ళు పసుపెక్కి, ఆ పసుపు మబ్బేసి, పచ్చబూడిద రంగుకు వచ్చాక, "మామిడిపిందె మీద దుమ్ము" అన్నాడు. నేను ఆ రంగుకు శాస్త్రపరిభాషలో మూడు మాటలు వాడుతూ వచ్చాను, ఆ రోజు నుంచి మానేశాను. మా అటెండరు అలవాటుగా బీకరులో టీ పోసి ఇచ్చాడు. మామ చేతిలోకి కూడా తీసుకోలేదు. "రంగు కాగులో రసం కాస్తారా ఎవరన్నా?" అన్నాడు.

పోతూ పోతూ, "ఇంతకూ ఉప్పు వేసినావా?" అని అడిగాడు. నూలు రంగు తాగకపోతే రంగులవాళ్ళు కాగులో ఉప్పు వేస్తారు, అప్పుడు తాగుతుంది. నేను నవ్వి, వెండికి ఉప్పు పడదు మామా, విరిగిపోతుంది అన్నాను. "ఎక్కువైతే ఏదైనా విరగతాది. కూర విరగదా?" అన్నాడు. మొహమాటంగానే ఒకసారి పల్చటి ఉప్పునీళ్ళు ఒక్క చుక్క వేసి చూశాను. కొండలు రెట్టింపు కంటే ఎత్తు లేచాయి. ఎగురుకుంటూ ప్రొఫెసర్ దగ్గరికి పోతే, "అది పత్రికల్లో ఉన్న సంగతే, మీరు చదవలేదా?" అన్నారు. మామకు ఆ మాట చెప్పాను. "ఆ రాసినాయన ఇంతకుముందు యాడ రంగులేసినాడో కనుక్కో" అన్నాడు.

ఇక ఆ ఏడాది ఆయుధపూజ సంగతికి వస్తాను. మా వీధిలో ఆ రోజు మగ్గం నడవదు. మగ్గపు నాడెలు, పన్నెలు, రాట్నాలు, కాగులు కడిగి, గంధం, కుంకుమ పెట్టి, దండలు వేసి పూజ చేస్తారు. నేను సెలవుకు వచ్చాను. నా సంచిలో నా రెండు ఫ్లాస్కులు ఉన్నాయి. గాజు మూతలవి, మూత గట్టిగా పట్టడానికి మూతి లోపల గరుకు తీసినవి, ప్రొఫెసర్ ఎంతో ప్రయాసపడి తెప్పించినవి. అందుకే వాటిని ఎక్కడా వదలకుండా మోసుకు తిరిగేదాన్ని.

"అందరివీ పెట్టినారు. నీ పనిముట్లు యాడ?" అన్నాడు మామ.

ఆ మాటకు నాకెంత గర్వంగా అనిపించిందో ఇప్పుడు చెబితే నవ్వుతారు. అప్పటిదాకా నేను చదువుకునే పిల్లనే. ఆ రోజు పనిచేసే మనుషుల్లో కలిశాను. ఫ్లాస్కులు తెచ్చి రాగి కాగుకూ నాడెలకూ మధ్య పెట్టాను. అత్త వాటికీ పూజ చేసింది. మర్నాడు సబ్బుతో కడిగి, మళ్ళీ సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

ఇన్నాళ్ళూ ల్యాబులో కలుపుకున్న నీళ్ళనే పరీక్ష చేస్తున్నారు, ఇక నిజమైన నీళ్ళు పట్టండి అన్నారు ప్రొఫెసర్. నేను మా వీధి బావిని ఎంచుకున్నాను. ఆ బావి నీళ్ళే వీధంతా తాగేది. మామ కొట్టం వెనక రంగునీళ్ళు పోసే గుంట ఉంది, అది బావికి ఎంతో దూరం కాదు. ఆయన ఎక్కువగా వేసే గులాబీ రంగు పొడి కాస్త పొట్లం కట్టించుకున్నాను. ఆ పొడి కొండలు ముందు గీయించి, తరవాత బావి నీళ్ళలో అవి లేవని చూపించాలని నా ఆలోచన. లేవని నాకు ధైర్యం.

మద్రాసులో ఆ యంత్రం ఉన్నచోట మాకు నెలకు ఒక్క పూట ఇచ్చేవాళ్ళు. ఆ పూట లేజరు సర్దుకునేసరికే సగం అయిపోయింది. గులాబీ పొడిని వేరే గాజు గొట్టంలో పెట్టి గీయించాం. తరవాత నా ఫ్లాస్కుల్లో ఒకదానిలో వెండినీళ్ళకు బావి నీళ్ళు కలిపి గీయించాం. పెన్ను కాగితం మీద మెల్లగా పాకుతూ ఒక కొండ గీసింది, ఇంకొకటి గీసింది. చిన్నవే, కానీ గులాబీ పొడి కొండలు ఏవేవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఇవీ అక్కడే ఉన్నాయి. ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచారు. "కంటికి కనబడని రంగును పట్టారు! పేపరు రాద్దాం. మునిసిపాలిటీకి ఉత్తరమూ రాద్దాం, ఆ బావి దగ్గర ఏ రంగుల కొట్టం ఉన్నా మూయించాలి" అన్నారు. నేను సరేనండీ సరేనండీ అన్నాను. నా జీవితంలో నన్నెవరూ అంతగా మెచ్చుకోలేదు.

ఆ రెండు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. తిరువళ్ళూరు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను. అరక్కోణంలో దిగి ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే, ఏ రంగుల కొట్టం ఉన్నా అన్న మాట మళ్ళీ చెవిలో పడింది. మా వీధిలో ఉన్నది ఒకే ఒక్క కొట్టం. నేను కాట్పాడి బండి ఎక్కింది ఆ రోజే.

ఇల్లు చేరేసరికి మామ చిలపలు పిండుతున్నాడు. దాచిపెట్టడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, కాగితాలు చూపించాను. రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకు పట్టి చూశాడు. రంగులు పోల్చినట్టే చూశాడు. "ఒకే అచ్చు" అన్నాడు. పిండుతున్న చిలపను మెల్లగా దండేనికి వేశాడు. పొయ్యిలో మండే కట్టెలు లాగి నీళ్ళు చల్లాడు. తరవాత నేరుగా బావి దగ్గరికి పోయి, చేంతాడు విప్పి భుజాన వేసుకుని, వీధికి వినపడేలా, "ఈ నీళ్ళు ఎవురూ తాగొద్దండి. నా రంగు దిగినట్టుండాది" అన్నాడు. వద్దు మామా, ఇంకా ఎవరికీ తెలియదు అని నేను చెయ్యి పట్టుకున్నాను. "నాకు తెలిసె గదా" అన్నాడు.

వీధి అంతా ఆయన మీద విరుచుకుపడింది. రైలు గేటు అవతలి బావికి పోయి నీళ్ళు మోసుకురావాలి మరి. పక్కింటి అవ్వ బిందె చంకన పెట్టుకుని రోజూ మా గడప ముందు ఆగి, "కంటికి కనబడదంట, నాలుకకు తెలియదంట, అదేమి రంగురా? ఉంటే ఏమి, లేకుంటే ఏమి?" అని తిట్టి పోయేది. అత్త మామను ఏమీ అనలేదు. నన్ను అంది. "నీ కోసరం మీ నాయనతో కొట్లాడినాడే! ఆ మనిషి పొయ్యే ఆర్పినావు గదే" అంది. నేను తల వంచుకుని విన్నాను. ఆమె అన్నదాంట్లో తప్పేమీ నాకు కనబడలేదు.

నాలుగో నాటికి మామ పని లేక ఖాళీ కాగులు తోముతూ కూర్చున్నాడు. నేను తిరువళ్ళూరు నుంచి వచ్చి పక్కన కూర్చున్నాను. తోమడం ఆపకుండానే అడిగాడు.

"పాపా, ఒక మాట అడగతా, కోపం చేసుకోవద్దు. బావి నీళ్ళకు ముందు తెల్ల చిలప ముంచినావా?"

"అది నూలు పని మామా, మా పనిలో అది..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. మా పనిలోనూ అది ఉంది. వెండినీళ్ళకు బావి నీళ్ళు కలపకుండా, ఏమీ లేని శుద్ధజలం కలిపి ముందు గీయించాలి. పుస్తకంలో మొదటి పేజీలో ఉండే సంగతి అది, నేను పిల్లలకు రోజూ చెప్పేది. ఆ పూట అది చేయలేదు. టైం లేకపోయింది అన్నాను.

"టైం లేదని నేను నీలం కాగులో కడగకుండా పసుపు వేసింటే, ఈ ఊర్లో పెండ్లికూతుర్లంతా పచ్చచీరల్లో కూర్చునిండేవాళ్ళు" అన్నాడు.

మర్నాడే మద్రాసు పోయి ప్రొఫెసర్‌కు చెప్పాను. ఆయన టేబుల్ మీద మునిసిపాలిటీకి రాసిన ఉత్తరం సంతకానికి సిద్ధంగా ఉంది. "నేనూ అడగలేదు కదమ్మా" అని ఉత్తరం సొరుగులో పెట్టి, యంత్రం వాళ్ళను బతిమాలి అరగంట ఇప్పించారు. నిజం చెబుతాను, ఆ అరగంట ముందు నేను రెండు రకాలుగా మొక్కుకున్నాను. నా పేపరు నిలవాలని ఒకటి, నా మామ నిలవాలని ఒకటి. నా రెండో ఫ్లాస్కులో వెండినీళ్ళు, శుద్ధజలం. అందులో ఇంకేమీ లేదు. పెన్ను పాకింది. కొండ లేచింది, రెండోదీ లేచింది. బావి నీళ్ళు ఎరగని ఫ్లాస్కు కూడా గులాబీ పాటే పాడింది. నా పేపరు పోయింది, మా మామ మిగిలాడు.

పరిగెత్తుకుంటూ వచ్చి, పొయ్యి వెలిగించు మామా అన్నాను. ఆయన కదలలేదు. "నీ గిన్నె మురికని తేలినాది. బావి మంచిదని యాడ తేలినాది?" అన్నాడు. కోపం వచ్చింది నాకు. కానీ ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆ మురికి ఎక్కడిదో నాకు తెలియలేదు. నా శుద్ధజలాన్ని అనుమానించాను, వెండి ఉప్పును అనుమానించాను, అటెండరును కూడా అనుమానించాను. మామ మాత్రం ఫ్లాస్కు ఇట్ల ఇయ్యి అన్నాడు. తెల్లనూలు పోగు ఒకటి తెంపి, సారాయితో తడిపి, మూతి లోపల గరుకు గాజు చుట్టూ గట్టిగా తిప్పాడు. బయటికి తీసి, ముంచని పోగు పక్కన పెట్టాడు. వెంట్రుక వాసి గులాబీ. ఫ్లాస్కు మూతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తలెత్తి, "ఏమే, ఇట్ల రా" అని అత్తను పిలిచాడు. "పూజనాడు వీటికి బొట్టు యాడ పెట్టినావు?"

"మూతికి పెట్టినా, మూతకు పెట్టినా. ఏం, దేవునికి పెట్టినట్టే పెట్టినా" అంది అత్త.

అది మా ఊరి గుడి ఉన్న కొండ మీద అంగళ్ళలో కొన్న కుంకుమ. అంగళ్ళ కుంకుమకు ఆ మెరుపు రావడానికి కలిపేది మామ వాడే గులాబీ పొడేనని మామకు ఎప్పుడో తెలుసు. గరుకు గాజులో దూరిన ఆ బొట్టు సబ్బుకు లొంగలేదు. కంటికి దొరకని ఆ రవ్వను వెండినీళ్ళు మాత్రం నమ్మకంగా పట్టి ఇచ్చాయి. నా పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట, పనిచేసింది అత్త పెట్టిన బొట్టు మీద. మొదట మామ నవ్వాడు. తరవాత నేను నవ్వాను. అత్త ఇద్దరి వంకా చూసి, "నా బొట్టుకు ఇంత బలముండాదా!" అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో నవ్వు ఆగలేదు. నీళ్ళు మాత్రం రైలు గేటు అవతలి నుంచే వచ్చాయి.

ఈ సంగతి నేనెక్కడా దాచలేదు. ఇవాళ తిరువళ్ళూరులో నా ల్యాబులో ఎవరు ఏ పరీక్ష మొదలుపెట్టినా, ముందు తెల్ల చిలప అంటాను. చిలప అంటే ఏమిటో సగంమంది పిల్లలకు తెలియదు, అయినా ముంచుతారు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం గాజు గరుకులో చిక్కుకునే రంగుల గురించి. అందులో మామ పేరు వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "బొట్టు పెట్టింది మీ అత్త, ఆమె పేరు వెయ్యి" అన్నాడు. నేను నిజంగానే వేశాను. పోయిన వారం ఇంటినిండా జనం ఉండగా అత్త ఆ పుస్తకం తెచ్చి, చూడను వచ్చినవాళ్ళకు తన పేరున్న పేజీ చూపించింది. మామ ఉంటే దానికి ఏదో ఒకటి అనేవాడు. అది తలుచుకుని ఏడ్చాను.

ఇక ఆ బావి సంగతి చెప్పి ముగిస్తాను. తరవాతి నెల మా పూట వచ్చింది. కొత్త ఫ్లాస్కులు, యాసిడ్‌తో కడిగినవి, బొట్టు లేనివి. శుద్ధజలం మూడుసార్లు, బావి నీళ్ళు మూడుసార్లు గీయించాం. ఆరు కాగితాల మీదా గులాబీ కొండ ఒక్కటీ లేదు. తిరుత్తణి స్టేషన్లో మామ నా కోసం నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కాలో. మెట్లు దిగుతూనే, కనబడలేదు మామా అని అరిచాను.

"లేనే లేదా, కనబడలేదా?" అన్నాడు.

"కనబడలేదు. మా యంత్రానికి గూడా ఆననంత తక్కువుంటే చెప్పలేము."

"సరి. అంతే గదా చెప్పగలిగేది" అన్నాడు. ఆయన ముఖంలో నెల రోజులుగా లేని వెలుగు వచ్చింది. కానీ ఇంటికి పోయి పొయ్యి వెలిగించలేదు. పార అందుకున్నాడు. ఇప్పుడు కనబడలేదు, పాత గుంట ఆడనే ఉంటే రేపు కనబడతాది అన్నాడు. బావికి దూరంగా, పల్లానికి, పెరటి చివర కొత్త గుంట తవ్వాడు. మా నాన్న, నేను, తిట్టిన అవ్వ కొడుకులు కూడా మట్టి మోశాం. పాత గుంటలో మట్టి పైపైన తీసి పారేసి, పూడ్చి, చదును చేసేసరికి పది రోజులు పట్టింది.

పదకొండో రోజు పొద్దున మామ చేంతాడు మళ్ళీ గిలకకు వేశాడు. వీధి అంతా బిందెలతో నిలబడింది. మొదటి బొక్కెన పైకి వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. పక్కింటి అవ్వ, "నువ్వు తాగరా ముందు" అంది. మామ ఇత్తడి చెంబు నింపుకున్నాడు. నన్నొకసారి చూశాడు. నేను తల ఊపాను. తల వెనక్కి వాల్చి, చెంబు పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకున్నాడు. నెలకు పైగా రంగు ముట్టని ఆ చేతి గోళ్ళు, మణికట్టు దాకా చర్మపు గీతలు ఇంకా గులాబీగానే ఉన్నాయి. ఆ చేతిలోంచి నీళ్ళు సన్నటి ధారగా ఎండలోకి దిగుతున్నాయి, ఏ రంగూ లేకుండా. గుటక వెనక గుటకగా, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగుతూనే ఉన్నాడు.